వణికితేనే పనిచేస్తున్నట్టు

మా బావ మోటారు సైకిళ్ళ బ్రేకులు చూసే మేస్త్రీ. బజార్లో ఆయన్ని రెండువేళ్ళ మేస్త్రీ అనేవారు. పది వేళ్ళూ శుభ్రంగా ఉన్న మనిషికి అదేం పేరని కొత్తవాళ్ళు అడిగితే, షెడ్డు వెనక కంకర పోసిన ఖాళీ జాగాకి తీసుకెళ్ళి చూపించేవాళ్ళం. బావ బండెక్కి కంకర మీద కాస్త వేగంగా పోనిచ్చి, కుడిచేతి చూపుడువేలూ నడిమివేలూ మాత్రం బ్రేకు లివరు మీద వేసి గట్టిగా నొక్కేవాడు. బండి ఆగాక ఏదో వింటున్నట్టు తల కాస్త వంచి, "ముందు చక్రం సెన్సరుకి ఇనప పొడి పట్టింది" అనేవాడు. విప్పి చూస్తే నిజంగానే పట్టి ఉండేది.

నేను ఆయన భార్యకి తమ్ముణ్ణి. అదే షెడ్డులో స్టోరు కిటికీ వెనక కూర్చుని సీళ్ళూ, ఫ్యూజులూ, బ్రేకు ఆయిలు డబ్బాలూ అందించడం నా ఉద్యోగం. అది ఇప్పించిందీ ఆయనే. ఆయన గురించి చెప్పే అర్హత నాకుందా అంటే, లేదు. కానీ బజార్లో చెప్పుకుంటున్న కథ పచ్చి అబద్ధం. తాగి తాగి చేతులు వణికాయట, ఓనరు ఓపిక పట్టీ పట్టీ పంపేశాడట. మా బావ జన్మలో మందు వాసన చూడలేదు. అందుకే నాకు తెలిసింది చెబుతున్నాను, నాకు పరువు తక్కువైనా సరే.

ఏబీఎస్ ఉన్న బండ్లు కొత్తగా వచ్చిన రోజుల్లో మా బజారంతా గగ్గోలు. హడావిడిగా బ్రేకు నొక్కినప్పుడు చక్రం బిగుసుకుపోయి బండి జారకుండా, క్షణంలో పదిసార్లు పట్టీ వదిలీ పట్టీ వదిలీ ఆపే ఏర్పాటు అది. అలా పట్టి వదులుతున్నప్పుడు లివరు వేళ్ళ కింద గజగజలాడుతుంది. జనానికి ఆ సంగతి తెలియదు. "కొత్త బండండీ, బ్రేకు వణికిపోతోంది, ఏదో తేడా ఉంది" అంటూ వచ్చేవాళ్ళు. మిగతా షెడ్లవాళ్ళు ఏం చేశారంటే, సీటు కింద ఏబీఎస్ ఫ్యూజు పీకి పారేశారు. దాంతో ఏబీఎస్సే ఆగిపోయింది, వణుకూ ఆగిపోయింది. మీటరు మీద పసుపుపచ్చగా వెలిగే ఏబీఎస్ హెచ్చరిక దీపం మీద నల్లటేపు ముక్క అంటించారు. "ఇప్పుడు వెన్నపూసలా ఉందండీ" అని మురిసిపోతూ వెళ్ళేవాళ్ళు బండివాళ్ళు.

మా బావ ఒక్కడే ఆ పని చెయ్యలేదు. మూడు రోజులు శిక్షణకి పోయి, ఓ లావుపాటి పుస్తకం పట్టుకొచ్చి, అన్నం తింటూ కూడా అదే చదివాడు. ఆ తర్వాత వణుకుతోందని ఎవరొచ్చినా ఒకటే మాట. "వణకాలి బాబూ. వణికితేనే పనిచేస్తున్నట్టు. వణక్కపోతే నా దగ్గరికి రండి." ఈ మాట ఎన్ని వందలసార్లు అన్నాడో. మా అక్కకి కూడా కంఠతా వచ్చేసింది.

పనిలో మహా చాదస్తుడు. చక్రం విప్పితే దానితో పాటు తిరిగే పళ్ళ రింగుని పాత పళ్ళబ్రష్షుతో ఒక్కో పన్నూ తోమేవాడు. చక్రం వేగం కనిపెట్టే సెన్సరుకీ రింగుకీ మధ్య సందుని సన్నటి గేజు రేకు పెట్టి కొలిచేవాడు. టైరు మార్పించుకుని వచ్చిన బండైతే రింగుని నేల మీద దొర్లించి వంగిందేమో చూడాల్సిందే. బ్రేకు ఆయిలు రెండేళ్ళకోసారి మార్చాలంటే మార్చాల్సిందే, "చూడ్డానికి బాగానే ఉందిగా మేస్త్రీ" అన్నవాడికి చీవాట్లు పడేవి. "నీళ్ళు కూడా చూడ్డానికి బాగానే ఉంటాయి. బ్రేకులో పోసుకుంటావా?" అనేవాడు. ఇక దీపం సంగతి. తాళం తిప్పగానే అది వెలగాలి, ఇంజను స్టార్టయినా వెలుగుతూనే ఉండాలి, చక్రం నాలుగు చుట్లు తిరిగాకే ఆరాలి. "నిలబడ్డచోటే ఆరిపోయిందనుకో, ఎవడో దొంగ వైరు కలిపాడన్నమాట." షెడ్డులో అందరికీ ఈ పాఠం చెప్పాడు. స్టోరులో కూర్చునేవాణ్ణి, నాకెందుకయ్యా అన్నా వినకుండా నాకూ చెప్పాడు. ఎందుకు చెప్పాడా అని తర్వాత చాలాసార్లు తిట్టుకున్నాను.

ఓనరు ఒక స్కానరు కొన్నాడు. బండికి తగిలిస్తే ఏబీఎస్ బాగుందో లేదో తెర మీద చూపించే పెట్టె. బావ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికి వేళ్ళున్నాయా?" అన్నాడు. అందరం నవ్వాం. అది నా స్టోరు బీరువాలోకి చేరింది. అట్ట కూడా చింపలేదు.

వణుకు ముందు మా ఇంట్లోనే బయటపడింది. ఓ ఆదివారం మధ్యాహ్నం అక్కా బావా భోజనానికొచ్చారు. బావ మంచినీళ్ళ గ్లాసు ఎత్తాడు, నీళ్ళు తొణికి చొక్కా తడిసింది. మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ తొణికింది. బావమరిది నోరు ఊరుకుంటుందా? "ఏం బావా, నీ చేతిక్కూడా ఏబీఎస్ బిగించారా?" అన్నాను. ఇల్లంతా ఘొల్లుమంది. నా భార్య నవ్వింది, పిల్లలు నవ్వారు, అక్క కూడా నవ్వింది. బావ నవ్వాడు గానీ గ్లాసు కిందపెట్టి చెయ్యి ఒళ్ళోకి లాక్కున్నాడు. నవ్వు నాలుగు విధాల చేటని ఊరికే అన్లేదు. నేను ఆ మాట అనకుండా, "ఏమైంది బావా, ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగి ఉంటే చెప్పేవాడే. ఆ రోజు నుంచి ఆ చేతిని దాచడం మొదలుపెట్టాడు.

అక్క బలవంతాన డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ప్రాణానికి భయం లేదట. చెయ్యి ఊరికే ఉన్నప్పుడు ఊరికే ఉంటుంది, ఏదైనా పట్టుకుని బిగిస్తేనే వణుకుతుంది. మందులతో కొంత తగ్గొచ్చు, పూర్తిగా పోదు. సన్నపని ఇక మానుకోవడం మంచిదని చెప్పాడట. అక్క ఆ సాయంత్రమే వచ్చి నన్ను వాకిట్లోకి పిలిచింది.

"ఒరేయ్ తమ్ముడూ, షెడ్డులో ఎవరికీ తెలియనివ్వకురా. ఆ రెండు వేళ్ళే ఆయన పేరు. అది పోతే ఈ మనిషి బతకడు."

"నేనెందుకు చెబుతానక్కా?"

"చెప్పకపోవడమే కాదు. కాస్త కనిపెట్టుకుని ఉండు."

కనిపెట్టుకునే ఉన్నాను. చిన్న స్క్రూలు బావ బిగించాల్సి వస్తే ఏదో వంకతో నేనే వెళ్ళి బిగించాను. బ్రేకు ఆయిలు ఒలకకుండా నేనే పోశాను. జాబ్ కార్డు మీద ఆయన సంతకం చేసేటప్పుడు ఎడంచేత్తో కుడిచేతిని అదిమిపెట్టుకునేవాడు. అది ఓనరు కంటపడకుండా కిటికీకి అడ్డంగా నిలబడేవాణ్ణి. ఇలా ఏడు నెలలు. మేమిద్దరం ఎంత తెలివైనవాళ్ళమో అనుకునేవాణ్ణి. స్క్రూలూ, ఆయిలూ, సంతకం అన్నీ ఆలోచించాం. కంకర మీద లివరు పట్టుకునేదీ ఆ చెయ్యేనన్న సంగతి మాత్రం ఇద్దరికీ తట్టలేదు. ఆయనకి తట్టి కూడా పైకి అనలేదేమో, నాకు తెలియదు.

ఆ రోజు ఉదయం మీటరమ్మ వచ్చింది. ఇంటింటికీ తిరిగి నీళ్ళ మీటర్లు చూసి రాసుకునే ఉద్యోగం ఆవిడది. ఇరుకు సందులు, తడి రోడ్లు, రోజంతా బండి మీదే. పాత బండి అమ్మేసి, ఎవరో వాడిన మరో బండి కొనుక్కుంది.

"మేస్త్రీగారూ, ఏబీఎస్ ఉందన్నారు అమ్మినవాళ్ళు. వాళ్ళ మాట నాకెందుకు? మీరు ఉందంటే ఉన్నట్టు, లేదంటే లేనట్టు" అంది.

బావ ముఖం వెలిగిపోయింది. రెండు చక్రాలూ విప్పాడు, రింగులు తోమాడు, సెన్సర్లు తుడిచాడు, ఆయిలు మార్పించాడు. పోసింది నేనే. తర్వాత కంకర మీదికి తీసుకెళ్ళాడు. తిరిగొచ్చి, "బంగారం! చక్కగా వణుకుతోంది" అన్నాడు. కార్డు మీద సంతకం పెట్టడానికి బల్ల దగ్గరికి వచ్చాడు. కుర్చీల్లో ఇంకో నలుగురు బండివాళ్ళు కూర్చుని ఉన్నారు, ఓనరు గుమ్మంలో నిలబడి ఫోను మాట్లాడుతున్నాడు. నేను అలవాటుగా కిటికీకి అడ్డం నిలబడ్డాను.

మీటరమ్మ తాళం తిప్పింది. దీపం వెలిగింది. బటను నొక్కింది. ఇంజను స్టార్టయింది, దీపం ఆరిపోయింది. బండి అంగుళం కదల్లేదు.

నేను చూశాను. బావ చూడలేదు. పూర్వమైతే బండి గేటు దాటేదాకా ఆయన చూపు దీపం మీదే ఉండేది. ఈ ఏడు నెలలుగా ఆయన చూపు మా కళ్ళ మీద ఉంటోంది, ఎవరైనా తన చెయ్యి చూస్తున్నారేమోనని. నేను నోరు తెరిచాను. ఓనరున్నాడు, నలుగురు బండివాళ్ళున్నారు, బావ ఎడంచెయ్యి కుడిచెయ్యి మీద ఉంది. ఇప్పుడు "బావా, దీపం" అంటే అందరి ముందూ ఆ రెండు వేళ్ళూ అబద్ధమైపోతాయి. భోజనాల వేళ చెబుదాంలే అనుకున్నాను. మీటరమ్మ నవ్వుతూ చెయ్యూపి వెళ్ళిపోయింది.

భోజనాల వేళ చెప్పాను. బావకి కోపం ముంచుకొచ్చింది.

"నాకే పాఠం చెబుతున్నావా? వేలికి తగిలిందిరా! వణికింది!"

"దీపం నిలబడ్డచోటే ఆరింది బావా. నువ్వే చెప్పావుగా."

తినబోతున్న ముద్ద డబ్బాలో పడేశాడు. తర్వాత చెయ్యి కడుక్కుని, "నీ బండి తాళం ఇటివ్వు" అన్నాడు. నా బండి పాతకాలపుది. దానికి ఏబీఎస్ లేదు, తయారైనప్పుడే లేదు. దాన్ని కంకర మీదికి తీసుకెళ్ళి పోనిచ్చి, రెండు వేళ్ళూ లివరు మీద వేసి నొక్కాడు. ఆగాడు. తల వంచి విన్నాడు. ఇంకోసారి వెళ్ళాడు. మూడోసారి వెళ్ళాడు. నేను గోడ దగ్గర నిలబడి చూస్తున్నాను. బండి స్టాండు వేసి నా వైపు వచ్చాడు.

"వణుకుతోందిరా" అన్నాడు. "నీ బండీ వణుకుతోంది."

నాకు ఏడుపొచ్చింది. అప్పుడే ఇద్దరికీ అర్థమైంది. ఏడు నెలలుగా ఆయన లివరు మీద వేళ్ళు వేసి బిగించడం, వణుకు తగలడం, పనిచేస్తోందని వదిలెయ్యడం. చక్రం బిగుసుకునేదాకా ఏ బండినీ గట్టిగా నొక్కనే లేదు. ఆయన విన్నదంతా తన చేతినే.

కార్డు మీద నెంబరు చూసి మీటరమ్మకి ఫోను చేశాం. ఎత్తలేదు. బండి మీద ఉంటే ఎత్తదు. మబ్బు పట్టింది. బావ గేటు దగ్గర నిలబడి రోడ్డుకేసి చూస్తూ, ప్రతి రెండు నిమిషాలకీ "చెయ్యరా, మళ్ళీ చెయ్యి" అంటున్నాడు. పదకొండోసారి ఎత్తింది. చినుకులు మొదలయ్యేసరికి వచ్చింది. ఆవిడ గేట్లోకి రాగానే బావ ఆ తడి సిమెంటు మీదే కూలబడ్డాడు. ఆవిడకేమీ కాలేదు. ఆ ఒక్కటీ మా అదృష్టం, అందులో మా గొప్పేం లేదు.

సీటు విప్పితే ఫ్యూజు ఉండాల్సిన చోట బొక్క. మీటరు వెనక ఏబీఎస్ దీపం వైరు కోసి, ఇంజను స్టార్టవగానే ఆరే ఆయిలు దీపం వైరుకి ముడేసి ఉంది. అందుకే అదీ నిలబడ్డచోటే ఆరిపోయింది. బావ వైరు సరిచేయించి, ఫ్యూజు పెట్టించి, చేతులు తుడుచుకుని షెడ్డు మధ్యలోకి వచ్చాడు. వానకి ఆగినవాళ్ళతో కలిపి ఎనిమిదిమంది దాకా ఉన్నారు. అందరూ వింటుండగానే అన్నాడు.

"అమ్మా, పొద్దున నేను చెప్పింది తప్పు. మీ బండికి ఏబీఎస్ పనిచెయ్యడం లేదు. వణికింది మీ లివరు కాదు. నా చెయ్యి." ఆ చెయ్యి చాపి, పానా ఒకటి తీసుకుని బిగించి పట్టుకున్నాడు. అది గడగడలాడుతుంటే అందరూ చూశారు.

"పోనీలెండి, ఇప్పుడు బాగుచేశారుగా" అంది మీటరమ్మ, ఎటు చూడాలో తెలియక.

"చేశాను. కానీ నా మాట నమ్మొద్దు." నా వైపు తిరిగి, "ఆ పెట్టె తియ్యరా" అన్నాడు.

స్కానరు అట్ట నేనే చింపాను. తగిలిస్తే అంతా బాగుందని చూపించింది. దానికి అరనిమిషం పట్టింది. ఏడు నెలలూ అది నా వీపు వెనక బీరువాలోనే ఉంది.

ఓనరు ఆ సాయంత్రం బావని గదిలోకి పిలిచాడు. బావ అడిగింది ఒక్కటే. ఈ ఏడు నెలల్లో తాను బాగుందని సంతకం పెట్టిన ఏబీఎస్ బండ్లు నలభై ఒకటి. వాటన్నిటినీ వెనక్కి పిలిచి స్కానరు పెట్టాలి.

"పిలిచి ఏమని చెప్పమంటావు? మా మేస్త్రీకి చేతులాడవు, మీకు బ్రేకులున్నాయో లేవో మాకు తెలియదు అనా? దానికన్నా షెడ్డుకి తాళం వేసుకుంటాను" అన్నాడు ఓనరు. "ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకో. ఇన్నేళ్ళు చేశావు, చాలు."

తర్వాత నన్ను పిలిచాడు. కార్డుల కట్ట బీరువాలో పెట్టి తాళం వెయ్యమన్నాడు. తాళంచెవి నా దగ్గరే ఉంచమన్నాడు. "నీకూ పిల్లలున్నారు, జాగ్రత్త" అన్నాడు. మెత్తగానే అన్నాడు.

మర్నాడు ఉదయం బావ స్టోరు కిటికీ దగ్గరికొచ్చాడు. "కార్డులియ్యరా."

"ఓనరు వద్దన్నాడు బావా."

"ఇవ్వకపోతే పోనీ. నెంబర్లు రాసుకోనియ్యి, ఇక్కడే నిలబడి రాసుకుంటా."

"నా ఉద్యోగం పోతుంది బావా."

రెండో రోజూ వచ్చాడు, మూడో రోజూ వచ్చాడు. గొంతు పెంచలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మూడో రోజు, "సరేలే, నువ్వు మాత్రం ఏం చేస్తావు" అని వెళ్ళిపోయాడు. నాలుగో రోజు రాలేదు. అక్క నాతో మాట్లాడ్డం మానేసింది. చివరిసారి అన్నది, "ఆయన నిన్ను ఆస్తి అడగలేదురా. కాగితాలు అడిగాడు." దాచమన్నది నువ్వు కాదా అక్కా అని నోటిదాకా వచ్చింది. తిలాపాపం తలా పిడికెడు, అందులో నా పిడికిలే పెద్దది కాబట్టి ఊరుకున్నాను.

మా బావకి మనుషుల ముఖాలు గుర్తుండవు. పదేళ్ళుగా వస్తున్నవాణ్ణి కూడా "మీరెవరండీ" అంటాడు. కానీ బండిని ఒకసారి చూశాడంటే దాని సొట్టా, గీతా, మార్చిన బోల్టుతో సహా జన్మలో మర్చిపోడు. ఇప్పుడు ఆయన రోజూ పొద్దునపూట పెద్ద కూడలి దగ్గర, సిగ్నలు పక్కన నిలబడుతున్నాడు. ఆ నలభై ఒక్క బండ్లలో ఏదైనా వచ్చి ఆగితే పరుగున వెళ్ళి చెబుతాడు. "బాబూ, మీ బ్రేకులు నేను చూశాను, నన్ను నమ్మొద్దు. ఎక్కడైనా స్కానరు పెట్టించుకోండి. లేదంటే కంకర మీద మీ వేళ్ళతో గట్టిగా నొక్కి చూడండి, వణికిందో లేదో చెప్పండి." కొందరు వింటారు. ఎక్కువమంది చిల్లర అడుగుతున్నాడనుకుని ముఖం తిప్పుకుంటారు. నా భార్య చెప్పగా తెలిసింది, ఇప్పటికి ఇరవై మూడు దొరికాయట. రెండింటికి ఫ్యూజు లేదట. ఇంకా పద్దెనిమిది ఉన్నాయి. ఆ పద్దెనిమిది పేర్లూ, ఫోను నెంబర్లూ నా బీరువాలో ఉన్నాయి.

పోయిన వారం ఎర్రదీపం పడి నేనూ అక్కడ ఆగాను. మామూలుగా వెనక సందులోంచి పోతాను, ఆ రోజు అక్కడ రోడ్డు తవ్వారు. హెల్మెట్ అద్దం దించేసుకున్నాను. నా ముందు వరసలో ఒక బండి పక్కన బావ నిలబడి, హ్యాండిల్ బిగించి పట్టుకుని ఏదో చెబుతున్నాడు. ఆ బండివాడు ఆ చేతికేసి చూసి పెద్దగా నవ్వాడు.

"ఏం మేస్త్రీ, నీ చేతిక్కూడా ఏబీఎస్ బిగించారా?"

చుట్టుపక్కల బండ్లవాళ్ళంతా నవ్వారు. నా మాట అది. ఎలా పాకిందో ఊరంతా పాకింది.

బావ కూడా నవ్వాడు. "బిగించారు బాబూ. అందరికన్నా ముందు కనిపెట్టింది మా బావమరిది. వాడు అన్న రోజే నేను వినుంటే బాగుండేది" అన్నాడు.

ఎగతాళిగా అనలేదు. నా సంగతి గొప్పగా చెప్పుకున్నట్టే అన్నాడు. నన్ను చూసి ఉండడులే, అద్దం దించుకున్నాను కదా అని ధైర్యం చెప్పుకున్నాను. పచ్చదీపం పడింది, బండ్లు కదిలాయి, ఆయన పక్కనుంచే పోనిచ్చాను. కూడలి దాటాక గుర్తొచ్చింది. ఆయన గుర్తుపట్టేది మనుషుల్ని కాదు. ఆ రోజు కంకర మీద మూడుసార్లు తన చేతిని తాను పరీక్షించుకున్న బండి మీదే నేను కూర్చుని ఉన్నాను, బీరువా తాళంచెవి జేబులో వేసుకుని.